బండిలో బస, వీధిలో చట్టము

కొన్ని సంవత్సరముల క్రిందట మన పట్టణములో కళాశాలల మధ్య ఆటల పోటీలు జరిగినవి. పొరుగు జిల్లా నుండి ఒక జట్టును తీసుకొని ఒక బస్సు రాత్రి తొమ్మిది గంటలకు వచ్చినది. ఆటగాండ్రకు గదులు చూపినాము, చాపలు ఇచ్చినాము, భోజనము పెట్టినాము. డ్రైవరునకు, క్లీనరునకు ఏమి చూపవలెనో మాలో ఎవరికిని తోచలేదు. వారు రోడ్డు ప్రక్కన ఒక చెట్టు క్రింద బస్సు నిలిపి, కిరసనాయిలు స్టవ్ మీద ఇంత అన్నము వండుకొని, సీట్ల నడుమ దుప్పటి పరచుకొని పడుకొన్నారు. అర్ధరాత్రి దాటిన పిదప ఎవరో వచ్చి లాఠీతో రేకు మీద తట్టి, "ఇక్కడ బండి పెట్టకూడదు, తియ్యండి" అన్నారు. డ్రైవరు కన్నులు నులుముకొనుచు, "మరెక్కడెట్టమంటారండి?" అని అడిగినాడు. తట్టినవారు జవాబు చెప్పలేదు. తెల్లవారి ఆ సంగతి విన్న మేమును చెప్పలేకపోయినాము.

ఈ వ్యాసము ఆ ప్రశ్నను గూర్చినది. బండి ఎక్కడ నిలుపరాదో చెప్పుటకు మనకు చట్టములు చాల కలవు. బండిలో మనిషి నిద్రించుటను గూర్చి, వండుకొనుటను గూర్చి, అనగా బండినే కొంతకాలము ఇల్లుగా చేసికొనుటను గూర్చి మాత్రము అవి దాదాపు మౌనముగా ఉన్నవి. అయితే ఒకప్పటి మన పురపాలక చట్టములలో డ్రైవరు ప్రశ్నకు జవాబు వంటిది ఒకటి ఉన్నది. దానిని మనము మరచిపోయినాము.

ముందు మాటను గూర్చి కొంచెము. ఈ రోజులలో కారవాన్ అనగానే మన విద్యార్థులకు సినిమా నటుల శీతల వాహనము జ్ఞప్తికి వచ్చును. కోనసీమలో చిత్రీకరణ జరిగినప్పుడెల్ల కొబ్బరితోట ప్రక్కన అటువంటిది ఒకటి నిలిచియుండును. ఇది ఇంగ్లీషు మాట అనుకొందుము. నిజమునకు ఇది పారసీకపు 'కార్వాన్'. ఒంటెలతో, ఎద్దులతో కూడి ప్రయాణము చేయు వర్తకుల గుంపునకు ఆ పేరు. హైదరాబాదులోని కార్వాన్ పేట పేరు అట్లు వచ్చినదే. ఇంగ్లీషువారు ఆ మాటను తీసుకొని, తోక మాత్రము మిగిల్చి 'వ్యాన్' అన్నారు. ఉర్దూ తరగతిలో కూర్చున్న వానికిని, వీధిలో వ్యాన్ తోలు వానికిని ఒకే మాట దక్కినదన్నమాట. మన తెలుగులో దీనికి 'బిడారు' అను చక్కని పదము ఉన్నది. బిడారు రాత్రి దిగు చోటు 'మజిలీ'. ఇదియు 'మంజిల్' నుండి వచ్చినదే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి పరివారముతో కాశికి బయలుదేరి, తూర్పు తీరము వెంట 1831లో తిరిగివచ్చి వ్రాసిన కాశీయాత్ర చరిత్ర అంతయు మజిలీల లెక్కయే. ఏ ఊరిలో సత్రమున్నది, ఏ ఊరిలో తోపు క్రింద డేరా వేయవలెను, నీరు మంచిదా కాదా అనునవి ఆయనకు ముఖ్యములు. బాట ఎంత అవసరమో ఆగు చోటు అంత అవసరమని ఆనాటి వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

మన డెల్టాలో బాట నీటిది. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తి అయిన తరువాత కాలువలు పంటకే గాక ప్రయాణమునకును ఆధారమైనవి. కాకినాడ నుండి పడవలు సామర్లకోట మీదుగా ధవళేశ్వరము వరకును, అక్కడి నుండి ఇతర కాలువల ద్వారా కృష్ణ వైపునకును, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు వరకును సాగెడివి. గాలి లేనపుడు సరంగులు గట్టు మీద నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. పడవ వారికి బండియు, ఇల్లును. పొయ్యి పడవలోనే, పడక పడవలోనే. 1890 నాటి మద్రాసు కాలువల, రేవుల చట్టము ఈ పడవలకు లైసెన్సులు, సుంకములు ఏర్పరచినది. పడవలో కాపురముండుట తప్పని ఎవరును అనలేదు. ఎందువలన? లాకుల దగ్గర పడవ ఆగి తీరవలెను, ఆగిన పడవలో మనిషి ఉండి తీరవలెను. ఆగుట ప్రయాణములో భాగమని ఆ ఏర్పాటే ఒప్పుకొన్నది.

రోడ్డు మీదికి వచ్చునప్పటికి ఈ ఒప్పుదల సన్నగిల్లినది.

నేడు అమలులో ఉన్నది 1988 నాటి మోటారు వాహనముల చట్టము. అందు 122వ సెక్షను ప్రకారము, బహిరంగ స్థలములో ఇతరులకు అపాయము గాని, అడ్డంకి గాని, తగని అసౌకర్యము గాని కలుగునట్లు బండిని నిలిపి ఉంచరాదు. 127వ సెక్షను ప్రకారము, పది గంటలు గాని అంతకు మించి గాని మనిషి లేకుండ వదలిన బండిని, లేదా నిషేధించిన చోట నిలిపిన బండిని, యూనిఫారములో ఉన్న పోలీసు అధికారి ఉత్తరువుపై లాగించి వేయవచ్చును, చక్రమునకు తాళము వేయవచ్చును. లాగించిన ఖర్చు యజమానిదే. 2017 నాటి డ్రైవింగు నిబంధనలు ఎక్కడెక్కడ నిలుపరాదో వివరముగా చెప్పినవి: కాలిబాట మీద, కూడలి దగ్గర, మలుపులో, వంతెన మీద, బస్సు ఆగు చోట, బడికి గాని ఆసుపత్రికి గాని వాకిలి ముందు, నిలిచియున్న మరియొక బండి ప్రక్కన. 122వ సెక్షనును మీరినవానికి 2019 సవరణ తరువాత కేంద్ర చట్టములో మొదటిసారి 500 రూపాయలు, మరల చేసిన 1,500 రూపాయల వరకు జరిమానా కలదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడ బహిరంగ మార్గములో అడ్డంకి కలిగించిన వానికి 5,000 రూపాయల వరకు జరిమానా చెప్పినది.

ఇవి అన్నియు చదివినచో ఒక సంగతి తేటపడును. చట్టము బండిని చూచుచున్నది, లోపలి మనిషిని చూచుట లేదు. బండిలో నిద్రించుట నేరమని మోటారు వాహనముల చట్టములో ఎక్కడను లేదు. అంతేకాదు, 127వ సెక్షనులోని పది గంటల నియమము మనిషి లేని బండికే వర్తించును. లోపల మనిషి పడుకొని ఉన్న బండిని వదలివేసిన బండి అనుటకు వీలులేదు. అడ్డముగా ఉన్నదా, నిషిద్ధ స్థలములో ఉన్నదా అని మాత్రమే అడుగవలెను. ఆ రాత్రి మన బస్సు డ్రైవరునకు ఈ భేదము తెలియదు. తట్టినవారికి తెలియునో లేదో నేను అడుగలేదు.

బండినే ఇల్లుగా మార్చదలచిన వారికి మాత్రము వేరొక అధ్యాయము ఉన్నది. సొంత వాడుకకు ఉంచుకొను క్యాంపర్ వ్యానును కేంద్ర ప్రభుత్వము 2004 నాటి ప్రకటనలో రవాణేతర వాహనముల జాబితాలో చేర్చినది. అద్దెకు త్రిప్పునది రవాణా వాహనము. పాత వ్యాను కొని లోపల మంచము, సింకు, గ్యాసు పొయ్యి అమర్చుకొనుట మనము తలచునంత సులభము కాదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. కర్మాగారములో తయారగు మోటారు కారవాన్‌లకు ఎ.ఐ.ఎస్. 124 అను ప్రత్యేక ప్రమాణము ఉన్నది. కదలు వాహనములో గ్యాసు, విద్యుత్తు, నిద్రించు మనుష్యులు ఒకచోట చేరినపుడు ఈ జాగ్రత్త అనవసరమని ఎవరును అనజాలరు.

అయితే మన కాకినాడలో బండిలో బస చేయువారు కారవాన్ యజమానులు కారు. వారు లారీవారు. ఈ ఊరికి రెండు రేవులు కలవు. పాతదానిలో ఓడ సముద్రములో లంగరు వేసుకొని ఉండగా బార్జీలు సరకును చేరవేయును. 1997 నుండి పనిచేయుచున్న లోతునీటి రేవులో ఓడ గట్టునకే వచ్చును. ఏ రేవైనను బియ్యము ఓడ ఎక్కుటకు ముందు లారీలో రావలెను. ఓడ ఆలస్యమైనను, వాన పడి దింపుడు ఆగినను, లారీ వరుసలో నిలువవలెను. డ్రైవరు సరకును విడిచి లాడ్జికి పోజాలడు. క్యాబిను వెనుక బల్ల మీద అతని పడక, అడుగున వేలాడు పెట్టెలో వంటసామాను, క్రింద చక్రముల నీడలో వంట. స్నానమునకు ఎవరో దయతలచి చూపిన కుళాయి. ఒక్కొక్కప్పుడు రెండు రాత్రులు, మూడు రాత్రులు. దీనిని బండిలో కాపురము అనక మరేమందుము? విహారమునకు వచ్చినవానికి అది సరదా, వీనికి అది ఉద్యోగము.

వీరిని గూర్చి ప్రభుత్వము అసలు తలచలేదనుట అన్యాయము. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టములో, కార్మికులు రాత్రి ఆగవలసిన చోట యజమాని విశ్రాంతి గదులు ఏర్పరచవలెనని ఉండెను. కాని అది ఐదుగురు గాని అంతకు మించి గాని పనివారున్న సంస్థలకే వర్తించెడిది. ఒక్క లారీ గల యజమాని దాని పరిధిలోనికి రాడు. తరువాత ఆ చట్టమును 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో కలిపినారు. క్రొత్తగా తయారగు భారీ లారీల క్యాబినుకు ఎయిర్ కండిషనింగు ఉండవలెనను నియమమును వచ్చినది. పడక చల్లబడినది, సంతోషమే. ఆ పడక గల లారీ ఎక్కడ నిలువవలెను అను మాట మాత్రము మిగిలినది.

ఇప్పుడు మరచిపోయిన ఆ పాత జవాబునకు వత్తము. కాకినాడ పురపాలక సంఘము 1866 నాటిది. మద్రాసు రాష్ట్రపు 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టము చాల కాలము దానికి వర్తించినది; తరువాత 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టము వచ్చినది. ఈ రెంటిలోను, 1994 నాటి పంచాయతిరాజ్ చట్టములోను, ఒకే పోలికగల ఏర్పాటు కలదు. పాలకమండలి పడవలు దిగు రేవులను, మజిలీ స్థలములను, బండ్ల స్టాండులను ఏర్పరచవచ్చును. వాటికి రుసుము తీసుకొనవచ్చును. రుసుముల పట్టికను అందరికి కనబడు చోట వ్రాసి పెట్టవలెను. బండి అనగా ఎద్దుబండియే కాదు, మోటారు వాహనమును. ఆ తరువాతి మాట గమనింపదగినది. అటువంటి స్థలము ఏర్పరచిన చోట, దానికి ఇంత దూరములోపల వీధి ప్రక్కలను అదే పనికి వాడరాదని అధికారి నిషేధింపవచ్చును.

వరుసను చూడుడు. ముందు చోటు, పిమ్మట నిషేధము. "ఇక్కడ కాదు" అనుటకు ముందు "అదుగో అక్కడ" అనవలెను. త్రోవకు అడ్డముగా నిలిచిన బండిని తీయించుటకు ఈ వరుస అక్కరలేదు, అది వేరు సంగతి. ఎవరికిని అడ్డు లేక ప్రక్కగా నిలిచిన బండిని కదల్చుటకు మాత్రము ఈ పద్ధతి ఎంతో న్యాయమైనది. ఎద్దుబండ్ల కాలములో చట్టము వ్రాసినవారు సంతకు వచ్చిన రైతు రాత్రి బండి క్రిందనే పడుకొనునని ఎరుగుదురు. ఎద్దులకు నీరు కావలెనని కూడ ఎరుగుదురు.

ఇందులో ఒక లోపమును ఉన్నది. "ఏర్పరచవచ్చును" అన్నారే గాని "ఏర్పరచవలెను" అనలేదు. ఈ ఒక్క క్రియాపదములో ఎంత భేదమున్నదో తెలియుటకు ఇంగ్లండు కథ వినదగినది. అక్కడ తరతరములుగా బండ్లలో నివసించు జిప్సీలు కలరు. వారి నిమిత్తము 1968లో కారవాన్ స్థలముల చట్టము చేసినారు. లిబరల్ సభ్యుడు ఎరిక్ లబ్బక్ ప్రవేశపెట్టిన బిల్లు అది. తమ ప్రాంతమునకు వచ్చు జిప్సీలకు చాలినంత స్థలము చూపుట స్థానిక సంస్థలకు విధి అని అందులో నిర్దేశించినారు. చూపిన ప్రాంతములోనే, ప్రభుత్వము ప్రకటించిన తరువాత, రోడ్డు ప్రక్కన మకాము వేయుట నేరమగును. మన బండ్ల స్టాండు సూత్రమే అది, విధిగా మారినది. 1994లో ఆ విధిని రద్దు చేసి, తొలగించు అధికారములను పెంచినారు. చోటు చూపవలసిన బాధ్యత పోయినది, లేపివేయు శక్తి మిగిలినది. రోడ్డు ప్రక్క మకాముల తగవు అక్కడ నేటికిని తీరలేదు.

మన వద్ద ఇంతకంటె చేదు అనుభవము ఉన్నది. తూర్పు తీరపు ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద లోపలి ప్రాంతములకు చేరవేసినవారు ఎరుకలవారు, లంబాడీలు. రైళ్ళు వచ్చి వారి వృత్తి పోయినది, తిరుగుట మాత్రము పోలేదు. 1871లో ఉత్తర హిందూస్థానములో మొదలైన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని విస్తరించినది. ఆ తెగలో పుట్టుటయే అనుమానమునకు చాలును. పేరు నమోదు, హాజరు, కదలుటకు అనుమతి. గుంటూరు ప్రాంతపు స్టువర్టుపురము వంటి స్థావరములు అట్లు వెలసినవి. దేశమంతటా ఈ చట్టము 1952 ఆగస్టు 31న రద్దయినది. బిడారు నడపిన మనిషి ఒక తరములో నేరస్థుడైనాడు. మారినది అతని గుణము కాదు, అతనిని చూచు చట్టము. డేరా బండి కనబడగానే "ఎవరు మీరు, ఎందుకు వచ్చినారు" అను ప్రశ్న నేటికిని మన నోట ముందుగా వచ్చుటకు ఆ నలుబది ఏండ్ల అలవాటు కొంత కారణమని నా అభిప్రాయము.

బండిలో బసను నేరుగా నిషేధించిన పట్టణములును లేకపోలేదు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరము 1983లో, బండిని నివాసముగా వాడరాదని నియమము చేసినది. నివాసమనగా ఏమి? దుప్పటి ఉన్న నివాసమా, డబ్బాలో అన్నమున్న నివాసమా? విహారమునకు పోవువాని కారులోను అవి ఉండును గదా! ఈ అస్పష్టత కారణముగనే 2014లో అక్కడి అప్పీలు కోర్టు ఆ నియమమును కొట్టివేసినది. పిమ్మట 2016లో నగరము వేళలు, చోటులు చెప్పి మరియొక నియమము తెచ్చినది: ఇండ్లున్న వీధులలో రాత్రి తొమ్మిది నుండి ఉదయము ఆరు వరకు, బడుల, పార్కుల సమీపమున ఏ వేళనైనను బండిలో నివసింపరాదు. మన సుప్రీము కోర్టు 1985లో బొంబాయి కాలిబాట నివాసుల కేసులో కాలిబాట మీద ఉండు హక్కును ఒప్పుకొనలేదు, కాని జీవించు హక్కులో జీవనోపాధియు చేరియున్నదని తీర్పు చెప్పినది. వీధిలో మనిషి ఎందుకున్నాడో చూడకుండ వీధిని గూర్చి మాటలాడరాదని దాని సారము.

విహార కారవాన్‌లకు మాత్రము రోజులు బాగున్నవి. మహారాష్ట్ర, కేరళ రాష్ట్రములు 2021లో కారవాన్ పర్యాటక విధానములు ప్రకటించినవి. వాటిలో నీరు, విద్యుత్తు, మురుగునీటి ఏర్పాటు గల పార్కులను గూర్చి చెప్పినారు. మంచిదే. ఒక చమత్కారము గుర్తుకు వచ్చుచున్నది. తెలుగువారిలో బండిలో బస చేసినవారందరిలోను ప్రసిద్ధుడు నందమూరి తారక రామారావుగారు. 1982లో పాత షెవర్లే వ్యానును చైతన్యరథముగా మార్చి, కుమారుడు హరికృష్ణ నడుపగా రాష్ట్రమంతయు తిరుగుచు, రోడ్డు ప్రక్కనే స్నానము, భోజనము, నిద్ర కానిచ్చినారు. ఆయనను ఎవరును "బండి తియ్యండి" అనలేదు, అనువాడును లేడు. లారీ డ్రైవరు చేయునదియు అదే స్నానము, అదే నిద్ర.

పర్యాటకుని పార్కునకు కావలసినవి ఏవో, రేవు దగ్గరి లారీ స్థలమునకును అవియే: గట్టి నేల, కుళాయి, మరుగుదొడ్డి, దీపము, రాత్రి కాపలా. వంట చేసికొనుటకు బండికి దూరముగా ఒక రేకుల పంచ ఉన్నచో అగ్ని భయమును తగ్గును. 1988 చట్టపు 117వ సెక్షను ప్రకారము, బండ్లు ఎక్కడ, ఎంతసేపు నిలువవచ్చునో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు ఉన్నది. క్రొత్త చట్టము ఏదియు అక్కరలేదు.

పట్టణము మాట పట్టణము చూచుకొనును. మన కళాశాల సంఘమువారికి ఒక చిన్న మనవి. పోటీలు జరుగునపుడు, వార్షికోత్సవమునకు బయటి ఊళ్ళ నుండి బస్సులు వచ్చునపుడు, ఆటస్థలపు వెనుక గేటు రాత్రి తెరచి ఉంచవచ్చును. అక్కడ నాలుగు బస్సులు నిలుచును. గోడ ప్రక్కన కుళాయి ఉన్నది, సైకిలు షెడ్డులో దీపము ఉన్నది. ముందు గేటు దగ్గర తెలుగులోను ఉర్దూలోను ఒక బోర్డు వ్రాయించి, బస్సులు నిలుపు చోటునకు బాణము గుర్తు వేయించిన చాలును. బోర్డు వ్రాయుటకు చిత్రలేఖనము తెలిసిన విద్యార్థులు ఇద్దరు ఇప్పటికే ఒప్పుకొన్నారు. రేకు, రంగు మాత్రము కావలెను.